మాట తిప్పని మామ

మా అన్న మనవరాలు ఇంజినీరింగు చదువుతోంది. మొన్న సెలవులకు వచ్చినప్పుడు అరచేతిలో పట్టేంత పచ్చటి పలక ఒకటి వెంట తెచ్చుకుంది. దాని నడుమ ఒక నల్లటి చిప్పు. అదే ప్రాసెసర్ అని చెప్పింది. మనం రాసే మాటలను దానికి అర్థమయ్యే అంకెలుగా మార్చే ప్రోగ్రాం ఒకటి తాను రాయాలట, దాన్ని అసెంబ్లర్ అంటారట. రాయడం ఆమెకు ఒక లెక్క కాదు. ఏ అంకె అందిస్తే ఆ చిప్పు ఏ పని చేస్తుందో చెప్పే పట్టిక కావాలి, అదే దొరకడం లేదు. తయారు చేసినవాళ్ళకు రాస్తే జవాబు లేదు. లైబ్రరీలో దొరికిన పుస్తకం ఇంకో చిప్పుది. మా ఇంట్లో ఉన్నన్నాళ్ళూ దాని గురించే మాట్లాడింది, నా భార్య చేసిన అలసంద వడలు తింటూ కూడా దాని గురించే మాట్లాడింది. చివరికి ఒక పొద్దున ఆ పలకను ముందర పెట్టుకుని, "యాడా దొరకదు తాతా. ఇంక దీన్నే అడగాల," అంది.

ఆ మాట వినగానే నాకు నవ్వొచ్చింది. నవ్వు వెనకే కళ్ళు తడిశాయి. ఇదే మాటను, ఇదే విసుగుతో, ఇదే ధీమాతో, రాజంపేట పక్కన ఒక నేతగాళ్ళ ఊళ్ళో మగ్గం గుంటలో కూర్చున్న మనిషి నోట విన్నాను. ఆయన పోయి చాలా కాలమైంది. నా ఉద్యోగం కొత్తలో నేను చూసిన మనుషుల్లో తలుచుకుంటే ఇప్పటికీ ఒంట్లోకి ఓపిక వచ్చేది ఆయన ఒక్కణ్ణే.

ఆ ఊళ్ళో ఆయన్ను అందరూ అట్టల మామ అనేవారు. వరస కలిసినా కలవకపోయినా మామే. నేనూ అలాగే పిలిచాను. పొడుగు మనిషి. గుంట మగ్గంలో కాళ్ళు ఇముడ్చుకోవడానికి ఆయన పడే తంటా చూడాలి, ఒక మోకాలు ఎప్పుడూ బయటికే. కళ్ళజోడు ఉండేది గానీ కళ్ళ మీద కంటే నెత్తి మీదే ఎక్కువగా ఉండేది. దేన్నైనా దగ్గరగా చూడాలంటే జోడు పైకి తోసి, ఆ వస్తువును ముక్కుకు ఆనించుకునేవాడు. బెజ్జం ఉన్న కాగితం కనిపిస్తే చాలు, వెలుతురుకు ఎత్తిపట్టి అందులోంచి ఒక కన్నుతో చూడాల్సిందే. బెజ్జం పెట్టినవాడు ఏదో చెప్పదలుచుకునే పెట్టి ఉంటాడని ఆయన నమ్మకం.

ఒకసారి ఇద్దరం రాజంపేటలో బస్సెక్కి కడపకు పోతున్నాం. కండక్టరు టికెట్టుకు బెజ్జం కొట్టి ఇచ్చాడు. మామ దాన్ని కిటికీ వెలుతురుకు పట్టుకుని, "ఈ బెజ్జం ఏం చెప్తాండాది సామీ?" అన్నాడు.

"టికెట్టప్పా అది. జోబీలో పెట్టుకో," అన్నాడు కండక్టరు.

"టికెట్టని నాకూ తెలుసు. ఈడ కొట్టినావు, ఆడ కొట్టలేదు. ఏమిటికి?"

బస్సంతా నవ్వింది. మామ నవ్వలేదు, సిగ్గూ పడలేదు. కండక్టరు వెనకాలే తిరిగి, ఏ గడిలో బెజ్జం పడితే ఎక్కడ ఎక్కినట్టు, ఏ గడిలో పడితే ఎక్కడ దిగాల్సినట్టు, అంతా రాబట్టాడు. ఒంటిమిట్ట దాటాక ముందు సీట్లో నిద్రపోతున్న ఒకాయన చేతిలోని టికెట్టు వంగి చూసి, "లెయ్యప్పా, నీ ఊరు దాటిపోయె," అని భుజం తట్టి లేపాడు. ఆయన నిజంగానే నందలూరులో దిగాల్సిన మనిషి. ఆయన కండక్టరును తిడుతూ దిగిపోతుంటే మామ మాత్రం పరీక్ష పాసైన వాడిలా నా వైపు తిరిగి కూర్చున్నాడు.

నేను కోయిలకుంట్ల నుంచి వచ్చి ఆ ఊరి చేనేత సంఘంలో గుమాస్తాగా చేరాను. గొప్పలు చెప్పే మనుషులంటే నాకు మొదటినుంచీ ఒళ్ళు మంట. మా వైపు అటువంటి వాళ్ళను కావలసినంత మందిని చూసి వచ్చాను. ఈయన గొప్పలకు మాత్రం లొంగిపోయాను. అందరూ తమకు తెలిసినవాటి గురించి గొప్పలు చెప్పుకుంటారు, ఈయన తనకు తెలియనివాటి గురించి చెప్పుకునేవాడు. "నాకు తెలీదప్పా" అని ఆయన అనే తీరు ఇంకొకరు "నాకు తెలుసు" అనే తీరుకంటే గట్టిగా ఉండేది. "తెలీనిది ఉండాదా అంటే శానా ఉండాది. రేపటికి ఒకటి తగ్గుతాది," అనేవాడు. తగ్గకపోతే ఎల్లుండికి వాయిదా వేసేవాడు. ఆ వాయిదా వేయడంలోనూ ఏమాత్రం బెరుకు ఉండేది కాదు.

ఆయనకు అట్టల మామ అన్న పేరు తెచ్చిన మిషను సంగతి చెప్పాలి. అంతకుముందు ఆ ఊళ్ళో చీర అంచు మీద బొమ్మ రావాలంటే చేత్తో పోగులు ఎత్తి నేయాలి. చీర మగ్గం ఎప్పటికి దిగుతుందో దేవుడికే తెలియాలి. మగ్గం నెత్తిన కూర్చునే జకార్డు మిషను ఆ పని తానే చేస్తుంది. వరసగా కుట్టిన అట్టల దండ ఒకటి దాని మీద తిరుగుతుంటుంది. ఒక్కో అట్ట ఒక్కో పేక పోగుకు. అట్టలో బెజ్జం ఉన్న చోట సూది లోపలికి దూరుతుంది, దాని కొక్కెం పడుగు పోగును పైకెత్తుతుంది. బెజ్జం లేని చోట పోగు కదలదు. మామ దాన్ని ఒక్క ముక్కలో తేల్చేవాడు. "బెజ్జముంటే లేస్తాది, లేకుంటే పండుకుంటాది. ఇంతే కదప్పా దాని చదువు."

సంఘం పాత మిషను ఒకటి కంచి వైపు నుంచి తెప్పించి మామ మగ్గానికి బిగించింది. దాంతో పాటు చిలకల అట్టలు ఒక దండ వచ్చింది. చిలకలు బాగానే దిగాయి. ఎన్ని చీరలు నేసినా చిలకలే దిగుతుంటే, చిలక కానిది ఇంకేదైనా నేస్తే బాగుండునని అందరికీ అనిపించింది. అప్పుడు తెలిసింది అసలు ఇబ్బంది. కొత్త బొమ్మకు కొత్త అట్టలు కొట్టాలంటే ఏ బెజ్జం ఏ పోగును లేపుతుందో తెలియాలి. ఆ పటం మిషనుతో రాలేదు.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. ఉగాది పండగ తర్వాత అక్కడ చేనేత ప్రదర్శన ఒకటి పెడుతున్నారు. మా సంఘం ప్రెసిడెంటుకు ఒక కోరిక పుట్టింది. చీర అంచు పొడుగునా 'కడప' అని జిల్లా పేరు ఉండాలి, చూసినవాళ్ళు ఇది ఎక్కడి చీర అని అడగకూడదు. ప్రెసిడెంటు నేత కులంవాడే గానీ మగ్గం వదిలి వేరుశనగల వ్యాపారంలోకి పోయిన మనిషి. చెడ్డవాడు కాదు, ఓపిక తక్కువ. ఒకరోజు వీధిలో అందరి ముందరా మామతో తేల్చి చెప్పాడు.

"ఏమప్పా, నువ్వు చేస్తా చేస్తా అంటాండావు. ఉగాది లోపల సొంత అట్టలతో పేరు నేసి చూపించు, మిషను ఈడ్నే ఉంటాది. చూపించలేకపోతే మగ్గాల షెడ్డు పెట్టిన షావుకారు అడుగుతాండాడు, ఆడికి పంపిస్తా. తర్వాత నన్ను అనొద్దు."

ఆ మాటకు అర్థం వీధిలో అందరికీ తెలుసు. మిషను ఎక్కడికి పోతే పని అక్కడికి పోతుంది, పని వెనకాల మనుషులూ పోవాలి. సొంత మగ్గాలు విప్పి అటక మీద పెట్టి, షావుకారి షెడ్డులో ఆయన గంట కొట్టినప్పుడు కూర్చుని ఆయన గంట కొట్టినప్పుడు లేవాలి. ఆడవాళ్ళు గుమ్మాల్లోంచి మామ ముఖం వైపే చూస్తున్నారు. మామ మోకాలు గోక్కుంటూ, "ఉగాది దాకా ఎందుకప్పా, వేపపూత రాకముందే చూపిస్తా," అన్నాడు. ఆయనకు అప్పటికి ఆ మిషను గురించి చిలకలు తప్ప ఇంకేమీ తెలియదు.

వెతుకులాట నా చేతుల మీదుగా మొదలైంది. మద్రాసులో అట్టలు కొట్టి అమ్మే ఒక వర్తకుడికి ఇంగ్లీషులో ఉత్తరం రాశాను. బొమ్మ గీసి పంపండి, అట్టలు కొట్టి పంపుతాం, ఏ బెజ్జం దేనికన్నది మాత్రం మా పని, అని జవాబు వచ్చింది. నాకు ఒళ్ళు మండింది. మామ ఆ ఉత్తరాన్ని నాతో రెండుసార్లు చదివించుకుని, "మర్యాదగానే రాసినాడు. వాని అన్నం వాడు మూత పెట్టుకుంటాండాడు. తప్పేముంది," అన్నాడు. తర్వాత ఇద్దరం కర్నూలు పోయాం. ఆఫీసులు చాలామటుకు గుడారాల్లో ఉండేవి. గాలి కొడితే కాగితాలు ఎగిరిపోతాయని బల్లల మీద గులకరాళ్ళు పెట్టుకునేవారు. ఒక గుడారంలో పెద్దమనిషి మమ్మల్ని కూర్చోబెట్టి టీ ఇప్పించాడు. జకార్డు గురించి తనకు తెలియదని నిజాయితీగా ఒప్పుకుని, అద్దకం రంగుల మీద ఒక చిన్న పుస్తకం చేతిలో పెట్టాడు. తిరుగు ప్రయాణమంతా మామ నాతో దాన్నే చదివించుకున్నాడు. పోయిన పనేంటి, తెచ్చుకున్నదేంటి అని నేను విసుక్కుంటే, "ఊరికే వచ్చిన చదువు కదప్పా, పోనిస్తామా?" అన్నాడు.

కడపలో ఒక లైబ్రరీలో మాత్రం మాకు కావలసిన పుస్తకమే దొరికినట్టనిపించింది. లావుపాటి ఇంగ్లీషు పుస్తకం, నేత మిషన్ల గురించి. అందులో జకార్డు బొమ్మ, బొమ్మ పక్కన కొక్కేల వరసలు, వరసలకు అంకెలు. నేను తెలుగులో చెబుతుంటే మామ ఊరికే తల ఊపుతూ విన్నాడు. ఇంటికి వచ్చి ఆ అంకెల ప్రకారం చిన్న పువ్వు ఒకటి కొట్టాడు. మగ్గం మీద అది పురుగు తిన్న ఆకులా దిగింది. నేను పుస్తకాన్ని తిట్టాను. మామ కళ్ళజోడు నెత్తి మీదికి తోసి ఆ ఆకును ముక్కుకు ఆనించుకుని చాలాసేపు చూశాడు.

"పుస్తకాన్ని అనొద్దప్పా. వాండ్లు ఏదో మిషనును చూసి పుస్తకం రాసినారు. మన మిషను ఆ పుస్తకాన్ని చూసి పుట్టలేదు," అన్నాడు. తర్వాత మిషను వైపు తలెత్తి, "ఇంక దీన్నే అడగాల," అన్నాడు.

అడగడమంటే నిజంగా అడగడమే. మనుషులందర్నీ నువ్వు అనే ఆయన మిషనును మాత్రం మీరు అనేవాడు. కొత్త అట్ట తీసుకుని దానికి ఒకే ఒక్క బెజ్జం కొట్టేవాడు. దాన్ని మిషనుకు తగిలించి, "చెప్పండి సామీ, ఇది ఎవురు?" అని కాలితో తొక్కేవాడు. పడుగులో ఒకే ఒక్క పోగు లేచేది. ఆ లేచిన పోగును పట్టుకోవాల్సింది ఆయన భార్య. మగ్గానికి అవతల కూర్చుని ఆమె పోగులకు అక్కడక్కడా గుర్తుగా రంగుదారాలు కట్టింది. ఆమెకు అక్షరం ముక్క రాదు. చూపు మాత్రం గద్ద చూపు. "ఇదో, ఏది లేసె?" అని మామ అరిస్తే, "ఎర్రదానికి ఇవతల," అని ఆమె అరిచేది. మామ బొగ్గుముక్కతో గోడ మీద గీత గీసేవాడు. మళ్ళీ ఇంకో అట్ట, ఇంకో బెజ్జం.

ఇలా పొద్దున మొదలుపెడితే పొద్దు గూకేదాకా. "నీ మిషనుకు ఊడిగం నేను చేస్తాంటే సంగటి ఎవురు చేస్తారు?" అని ఆమె అడిగితే, "నేను కెలుకుతా పో," అన్నాడు. అన్నమాట ప్రకారమే కెలికేవాడు. ఆ రోజుల్లో వాళ్ళింట్లో నేను తిన్న రాగిసంగటి నిండా ఉండలే. ఉండలు తగిలినప్పుడల్లా ఆమె నా వైపు చూసి నవ్వేది, ఆయన మాత్రం ఇంత బాగా ఎవరూ చేయలేరన్నట్టు తినేవాడు. పండగ ముందు ఇంటికి సున్నం కొట్టినప్పుడు బొగ్గు గీతలున్న గోడను ఆమె అలాగే వదిలేసింది. ఆ గోడ చూస్తే నాకు ఒకటి అర్థమైంది. మిషనులో ఎవరో ఎప్పుడో రిపేరు చేస్తూ సూదులు కొన్నింటిని ఒకదాని చోట ఒకటి పెట్టారు. ఏ పుస్తకం తెచ్చినా మాకు పనికొచ్చేది కాదు.

పటం చేతికి వచ్చింది. ఇక అక్షరాలు. అంచు బొమ్మ ఉన్న చీరను మగ్గం మీద బోర్లా నేస్తారు. కళ ఉన్న వైపు కిందికి ఉంటుంది, నేసేవాడికి కనిపించేది వెనకవైపు. చిలకకైతే అది పెద్ద చిక్కు కాదు, కుడికి చూసే చిలక ఎడమకు చూస్తుంది, అంతే. అక్షరానికి అలా కుదరదు. మామకు ఆ సంగతి బాగా తెలుసు. మిఠాయి అంగడి నుంచి నూనె కాగితం ముక్కలు తెచ్చి, ఒక్కో ముక్క మీద ఒక్కో అక్షరం రాసి, దాన్ని వెనక్కి తిప్పి, తిరగబడిన అక్షరాన్ని గళ్ళ కాగితం మీదికి దించి అట్టలు కొట్టాడు. అక్షరానికి ఒక కట్ట. మొదట చిన్న మాట ఒకటి కొట్టి నేసి చూసుకున్నాడు. అక్షరాలు ముత్యాల్లా దిగాయని చెప్పాడు గానీ ఆ గుడ్డ ముక్క నాకు చూపించలేదు. నేనూ పట్టుబట్టలేదు. తర్వాత క, డ, ప మూడు కట్టలూ కొట్టి, వరసగా కుట్టి, పేరుకూ పేరుకూ మధ్య ఒక పువ్వు పెట్టి నేత మొదలుపెట్టాడు. మగ్గం కింద అద్దం పెట్టి చూసుకున్నాడు. అద్దంలో అక్షరాలు తిరగబడి కనిపించాయి, అద్దమన్నాక తిరగబడే కనిపిస్తాయి. క తర్వాత డ, డ తర్వాత ప ఉంది. ఇంకేం కావాలి.

ఉగాది రేపనగా ప్రెసిడెంటు వచ్చాడు. వెంట షావుకారి మనిషి ఒకడు. వీధంతా మామ ఇంటి ముందర చేరింది. మామ పెళ్ళికొడుకులా తలపాగా చుట్టుకుని, నేసినంత మేరకు గుడ్డను కోసి తీసి, కళవైపు పైకి తిప్పి ప్రెసిడెంటు చేతుల్లో పెట్టాడు. అక్షరాలు నిజంగానే ముత్యాల్లా ఉన్నాయి. ప్రెసిడెంటు వేలు పెట్టి చదివాడు. మళ్ళీ చదివాడు. గుడ్డను నాకు అందించాడు.

అంచు పొడుగునా, పువ్వుకూ పువ్వుకూ మధ్య, చక్కటి అక్షరాలతో, 'పడక' అని ఉంది.

షావుకారి మనిషి పగలబడి నవ్వాడు. "కర్నూలుకు దుప్పట్లు పంపుతాండారా ఏంది?" అన్నాడు. వీధిలో ఎవరూ నవ్వలేదు. మామ గుడ్డ లాక్కుని ముక్కుకు ఆనించుకున్నాడు. జోడు నెత్తి మీద నుంచి జారి కింద పడింది, తీసుకోలేదు. ఎంతసేపో అలాగే చూసి, తల ఎత్తాడు.

"తెలిసిపోయె. ఒక్కో అక్షరాన్నీ తిప్పినా. మాట తిప్పలే."

"మాట తిప్పకపోవడం గూడా తప్పేనా అప్పా?" అన్నాడు ప్రెసిడెంటు.

"ఈడ తప్పే. మూడక్షరాలూ ఒకే కాగితం మీద రాసి తిప్పింటే మాటంతా తిరిగుండు. నేను ముక్కముక్కగా తిప్పినా. అక్షరం సరిగ్గా వచ్చె, వరస ఎనకాముందాయె. అట్టలకేం కాలేదు. కుట్టు విప్పి మొదటి కట్టను చివరికి, చివరి కట్టను మొదటికి మారిస్తే చాలు."

"ఇప్పుడు చెప్తాండావు. ముందు నేసి చూసుకోలేదా?"

"చూసుకున్నా. ఒక మాట నేసినా."

"నేసింటే ఈ తప్పు అప్పుడే కనపడాల కదా. యాడ దాక్కుండె?"

మామ తెలియక ఆగిన మనిషిలా లేడు. గోడ వైపు చూశాడు, పైకప్పు వైపు చూశాడు, గుమ్మం వైపు మాత్రం చూడలేదు. గుమ్మంలో ఆయన భార్య రాట్నం ముందర కూర్చుని నూలు కండెలు చుడుతోంది.

"ఏం మాట నేసినావో చెప్పప్పా," అన్నాడు ప్రెసిడెంటు.

"ఏదో ఒకటిలే."

ప్రెసిడెంటుకు ఓపిక అయిపోయింది. "చూసుకున్నానంటావు, ఏం చూసుకున్నావో చెప్పవు. అంటే వచ్చినకాడికి వచ్చింది, తెలిసి చేసింది కాదు. ఇయ్యాల పడకాయె, రేపు ఇంకోటైతాది. ఇట్లాంటి పని నమ్ముకుని కర్నూలు యాడికి పోతాం? మిషను విప్పండి." షావుకారి మనిషి మగ్గం వైపు అడుగేశాడు. వీధివాళ్ళు దారి ఇవ్వలేదు గానీ అడ్డమూ పడలేదు. అప్పుడు నాకు మామ మీద పట్టరాని కోపం వచ్చింది. వీధి బతుకంతా ఒక్క మాట మీద ఆగి ఉంటే ఆ మాట చెప్పడానికి ఈ మనిషికి ఏం అడ్డం వచ్చిందో అర్థం కాలేదు.

మామ మగ్గం చట్రానికీ ఆ మనిషికీ మధ్య నిలబడ్డాడు. కిందికి చూస్తూ, చిన్న గొంతుతో అన్నాడు.

"గంగ."

"ఏమంటివి?"

"గంగ అని నేసినా." ఈసారి గట్టిగా అన్నాడు. "గ, సున్నా, గ. ముందునుంచి చదివినా గంగే, ఎనకనుంచి చదివినా గంగే. వరస తప్పిందని ఎట్ల తెలుస్తాది? నేను ఇంకే మాట నేసినా తప్పు అప్పుడే దొరికుండు. ఆ మాటే నేయాలనిపించె, అదే నేసినా."

రాట్నం ఆగిపోయింది. గంగమ్మ ఆయన భార్య పేరు. ఆ రోజుల్లో ఆలి పేరు మొగుడూ, మొగుడి పేరు ఆలీ నోటితో పలకడం లేదు. ఆ ఊళ్ళో ముసలివాళ్ళయి పోయిన జంటలు కూడా ఇదో, నిన్నే అనుకునే పోయారు. అలాంటిది మామ అంతమంది మగవాళ్ళలో, ప్రెసిడెంటు ముందర, తన ఇంట్లో నిలబడి ఆ పేరు పలికాడు, అదీ పలికిన దాన్ని అక్షరం అక్షరం విప్పి చెప్పాడు. వెనక నుంచి ఎవరో ముసలాయన దగ్గాడు. ఆడవాళ్ళు పైట చెంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఆమె మాత్రం తల వంచుకోలేదు. చేతిలో సగం చుట్టిన కండెతో ఆయన వీపునే చూస్తోంది.

ప్రెసిడెంటు వేలితో గాలిలో రాసుకున్నాడు. అటు నుంచి ఒకసారి, ఇటు నుంచి ఒకసారి. వ్యాపారంలోకి పోయినా నేతవాడే కదా, అర్థమైంది. "కట్టలు మార్చు. నా కళ్ళెదురుగా నేయి," అని తిన్నె మీద కూర్చున్నాడు.

మామ కుట్టు విప్పాడు. నేను కట్టలు అందించబోతే వద్దన్నాడు, ఆ పని తన చేతులే చేయాలి. ఒక్క అట్టకూ కొత్తగా బెజ్జం కొట్టలేదు. ప ముందుకొచ్చింది, క వెనక్కి పోయింది, డ ఉన్నచోటే ఉంది. దండ మళ్ళీ కుట్టి మిషనుకు ఎక్కించి గుంటలో దిగాడు. మోకాలు బయటే ఉండిపోయింది. వీధంతా పేక పోగును అటూ ఇటూ మోసే నాడె చప్పుడు వింటూ నిలబడింది. ఒక పువ్వు, ఒక పేరు, మళ్ళీ పువ్వు దిగాక ప్రెసిడెంటే లేచి వచ్చి, గుడ్డ కిందికి తల దూర్చి, మెడ తిప్పి చదివాడు.

"కడప," అన్నాడు. బయటికి వచ్చి దుమ్ము దులుపుకున్నాడు. షావుకారి మనిషితో, "మీ ఆయనకు చెప్పు. మిషను ఈడ్నే ఉంటాది. బొమ్మలు కావాలంటే ఈయప్ప దగ్గరికి వచ్చి అడగమను," అన్నాడు.

జనం కదిలారు. ఎవరి ఇంటికి వాళ్ళు పండగ పనులకు పోయారు. నేను మాత్రం తిన్నె మీద కూర్చుండిపోయాను. లోపల మామ నేస్తూనే ఉన్నాడు, కర్నూలుకు పోవాల్సిన చీర మొదట్నుంచి మళ్ళీ నేయాలి. నాడెలో నూలు అయిపోయింది. ఎప్పటి అలవాటు కొద్దీ "ఇదో" అనబోయి ఆగాడు. ఒక్కసారి పేరు బయట పడ్డాక ఇక దాచి ఏం లాభం అనుకున్నాడో ఏమో, వీధి చివరికి వినిపించేలా పిలిచాడు.

"గంగా, కండెలు తే."

ఆమె కండెల బుట్ట తెచ్చి మగ్గం పక్కన పెట్టింది. వెంటనే పోలేదు. అంచు మీద ఇంకా సగమే దిగిన అక్షరాన్ని చూస్తూ అడిగింది.

"అయితే ఎట్ల చదివినా నేనేనా?"

"ఎట్ల చదివినా నువ్వే," అని మామ కొత్త కండె నాడెలో పెట్టుకున్నాడు.